తొలి సొరకాయను కోయకండి

పిల్లలూ,

మన తెలుగులో "సొరకాయలు కోయడం" అనే మాట ఒకటి ఉంది. ఎవరైనా లేని గొప్పలు చెప్పుకుంటుంటే "చాల్లే, సొరకాయలు కోయకు" అంటారు. ఈ పాఠంలో నేను మీతో అదే మాట అంటున్నాను. కాకపోతే నిజం సొరకాయల గురించి. ఈసారి మీ పెరట్లో సొరతీగ కాసే మొదటి మంచి కాయను కోయకండి. తీగకే వదిలేయండి. ముదరనివ్వండి. ఆ తర్వాత ఎండబెట్టండి. మిగిలిన కాయలన్నీ వంటింటివి. ఆ ఒక్కటి మాత్రం మీది.

ఇది నా అభిప్రాయం. అభిప్రాయం చెప్పేవాళ్లు కారణాలు కూడా చెప్పాలి. కారణాలు చదివి మీరు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు.

ముందు పేరు సంగతి చూద్దాం. మాది గుంటూరు వైపు, మేము సొరకాయ అంటాం. మా అత్తగారిది విజయనగరం వైపు, ఆవిడ ఆనపకాయ అంటారు. తెలంగాణలో కొన్ని చోట్ల ఆనిగెపుకాయ అంటారు. అన్నీ ఒకటే కాయ. మీ ఇంట్లో ఏ మాట వాడితే మీరూ అదే వాడండి. ఇంకొకరు వేరే మాట అంటే తప్పు అనకండి.

మేము న్యూజెర్సీకి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఇక్కడ తెలుగువాళ్ల పెరళ్లు చూసి నాకు చాలా సంతోషం వేసింది. కర్రలు పాతి, వల కట్టి, దాని మీదకు సొరతీగ పాకించారు. వేసవిలో ఒకరింటి కాయలు ఇంకొకరింటికి వెళ్తాయి. సొరకాయ పప్పు, పులుసు, పాలు పోసిన కూర, పచ్చడి, హల్వా, ఎన్ని రకాలో! అయితే ఒక సంగతి గమనించాను. ఆకుల చాటున ఎవరి కంటా పడని కాయ ఒకటి పెద్దదైపోతుంది. అది కనబడగానే "అయ్యో, ముదిరిపోయింది" అంటారు. ఆ అనడం ఎలా ఉంటుందంటే, "పాడైపోయింది" అన్నట్టే ఉంటుంది. తర్వాత అది చెత్త సంచిలోకి పోతుంది.

ముదరడం పాడవడం కాదు. నా వాదనంతా ఈ ఒక్క మాట మీదే నిలబడింది.

మనకు కూర కావాలి కాబట్టి లేతగా కోస్తాం. అది మన అవసరం. తీగ పని వేరు. తీగ కాయను కాసేది లోపలి గింజలు పెరగడం కోసం. కాయ ముదిరితేనే గింజ తయారవుతుంది. అంటే లేతకాయ మనకు కూర, తీగకు సగంలో ఆగిన పని. ప్రతి కాయనూ మనం సగంలోనే ఆపేస్తున్నాం. ఒక్కదాన్నైనా పూర్తి కానివ్వాలని నా కోరిక.

ఇప్పుడు మాటల సంగతి. ఈ పుస్తకం మాటల కోసమే కదా! మొగ్గ, పువ్వు, పిందె, లేతకాయ, ముదురుకాయ, ఎండుకాయ, బుర్ర. ఇవన్నీ ఒకే కాయ దాటే మెట్లు. పువ్వు వాడి రాలిపోయే వేళకు ఉండే చిన్న కాయ పిందె. గోరు గుచ్చితే సులువుగా దిగేది లేతకాయ. గోరు దిగకపోతే అది ముదురుకాయ. పూర్తిగా ఎండి, లోపల డొల్లగా మిగిలిన గట్టి చెక్క బుర్ర. మన తలను కూడా బుర్ర అంటాం. "బుర్ర వాడు" అని మీ ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు అనే ఉంటారు. బుర్రకథకు ఆ పేరు కథకుడు భుజాన వేసుకునే తంబుర బుర్ర వల్లే వచ్చిందని చెబుతారు.

మా వారాంతపు తెలుగు తరగతిలో ఒకసారి "లేత అంటే ఏమిటి?" అని అడిగాను. "లేత అంటే రంగు కదా టీచర్, లేత నీలం, లేత ఆకుపచ్చ" అని ఒక పాప చెప్పింది. తప్పేమీ కాదు, రంగుకు కూడా ఆ మాట వాడతాం. కానీ గోరు గుచ్చి చూసిన పిల్లలకు లేత అంటే వేలికి తెలుస్తుంది. ముదురు అంటే కూడా తెలుస్తుంది. చేత్తో పని చేస్తే నేర్చుకున్న మాట పరీక్ష అయ్యాక కూడా గుర్తుంటుంది. మనం ఎప్పుడూ లేతకాయ దగ్గరే ఆగిపోతే, దాని తర్వాత మెట్ల మాటలు మన ఇంట్లో ఎవరికీ అవసరం పడవు. అవసరం లేని మాటను ఎంతకాలం గుర్తుంచుకుంటాం?

"సరే టీచర్, ఒక కాయ వదులుతాం. కానీ చివరి కాయను వదిలితే చాలదా? మొదటిదే ఎందుకు?" అని మీరు అడగాలి. మంచి ప్రశ్న. దీనికి రెండు జవాబులు ఉన్నాయి.

మొదటిది కాలం. గింజ నాటిన దగ్గరనుంచి కాయ పూర్తిగా ముదరడానికి దాదాపు నాలుగు నెలలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే పడుతుంది. మా న్యూజెర్సీలో ఏప్రిల్‌లో ఇంట్లోనే చిన్న కుండీలో గింజ మొలకెత్తిస్తాం. మే సగం దాటాక, చలి పూర్తిగా పోయాక, మొక్కను బయట నాటుతాం. అక్టోబరులో నీళ్లు గడ్డకట్టే రాత్రులు మొదలవుతాయి. ఒక్క రాత్రికే ఆకులన్నీ నల్లబడి తీగ చచ్చిపోతుంది. జూలైలో పడ్డ పిందెకు ఆలోపు గట్టిపడేంత సమయం ఉంటుంది. సెప్టెంబరులో పడ్డ పిందెకు ఉండదు. చెక్క గట్టిపడని కాయ ఎండదు, ముడుచుకుపోయి కుళ్లిపోతుంది. మా ఊళ్లో ఈ ఇబ్బంది లేదు, అక్కడ గడ్డకట్టే చలి రాదు. అందుకే అమ్మమ్మల పద్ధతిని ఇక్కడి కాలానికి తగ్గట్టు మార్చుకోవాలి. మీరు దక్షిణాఫ్రికాలో ఉంటే నెలలు తిరగబడతాయి. గల్ఫ్‌లో ఉంటే ఎండలు తగ్గాక నాటుతారు, చలికాలమే మీకు తోటకాలం. మీ ఊరి లెక్క మీరే వేసుకోండి.

రెండో జవాబు విత్తనం. విత్తనానికి ఎప్పుడూ మంచి కాయనే వదలాలి. వంకర లేని, పుచ్చు లేని, బలమైన తీగకు కాసిన కాయను వదలాలి. మంచివన్నీ మనం తినేసి, మిగిలిన పీల కాయను విత్తనానికి ఉంచితే వచ్చే ఏడు మొక్కలు ఎలా ఉంటాయో ఆలోచించండి. మొట్టమొదటి కాయే వంకరగా ఉంటే దాన్ని కోసేసి, తర్వాతి రెండు మూడింటిలో బాగున్నదాన్ని ఎంచుకోండి. దాని తొడిమకు ఒక రంగు దారం కట్టండి. దారం కట్టిన కాయ జోలికి ఎవరూ రాకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి.

ఇక్కడ మీ అమ్మ ఒక అభ్యంతరం చెప్తారు. "ముదురుకాయను తీగ మీద ఉంచితే మిగతా కాపు తగ్గిపోతుంది" అంటారు. ఆవిడ చెప్పింది నిజం. తీగ తన బలాన్ని ముదురుతున్న కాయకు, లోపలి గింజలకు పంపుతుంది. కొత్త పిందెలు తగ్గుతాయి. అంటే మన కోరిక ఊరికే తీరేది కాదు. కొన్ని కూరలు తగ్గుతాయి. నేను చెప్పేదల్లా ఆ ఖర్చు పెట్టదగినదే అని. వీలైతే రెండు మొక్కలు వేయండి. ఒకటి వంటకు, ఒకటి విత్తనానికి. ఒక్క మొక్కకే చోటుంటే అమ్మతో మాట్లాడి ఒప్పించండి. తెలుగులో ఒప్పించండి. అది ఇంకా మంచి అభ్యాసం.

ఇక పని ఎలా చేయాలో చెప్తాను.

సొరపువ్వు తెల్లగా ఉంటుంది, సాయంత్రం పూట విచ్చుకుంటుంది. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది, మగపువ్వుకు సన్నని కాడ మాత్రమే ఉంటుంది. చీకటి పడే వేళ ఒక మగపువ్వు కోసి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. తర్వాత ఆ ఆడపువ్వు రేకులను దగ్గరికి చేర్చి, వదులుగా దారం కట్టండి. ఇలా చేస్తే వేరే తీగ పుప్పొడి దాంట్లో కలిసే అవకాశం తగ్గుతుంది. పక్కింటివాళ్లు పిట్టగూళ్ల కోసం పెంచే గట్టిచెక్క కాయలు కూడా సొరజాతివే. వాటి పుప్పొడి కలిస్తే మీ గింజల నుంచి వచ్చే ఏడు చేదుకాయలు కాయవచ్చు. చేదుగా ఉన్న సొరకాయను ఎప్పుడూ తినకూడదు, రసం తాగకూడదు. దానివల్ల ఒంట్లో బాగోకుండా పోతుంది. వండే ముందు చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూసే అలవాటు పెద్దవాళ్లకు ఇందుకే ఉంది.

కాయ ముదిరిందని ఎలా తెలుస్తుంది? ఆకుపచ్చ రంగు వెలిసిపోతుంది. చర్మం గట్టిగా, చెక్కలా అవుతుంది. తొడిమ ఎండి గోధుమరంగులోకి వస్తుంది. అప్పటిదాకా ఆగండి. తర్వాత పెద్దవాళ్లతో కలిసి, రెండు మూడు అంగుళాల తొడిమ ఉంచి కోయండి. తొడిమ పట్టుకుని మోయకండి, విరిగిపోతుంది. కాయను రెండు చేతులతో చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకోండి. తడిగుడ్డతో తుడిచి, గాలి తగిలే నీడలో పెట్టండి. గ్యారేజీ, వరండా, ఏదైనా సరే. తీగల అర మీద పెట్టొచ్చు, వలసంచిలో వేలాడదీయొచ్చు. వారానికి ఒకసారి పక్కకు తిప్పండి. త్వరగా ఎండుతుందని చిల్లు మాత్రం పెట్టకండి. చిల్లులోంచి కుళ్లు లోపలికి పోతుంది. మలేషియాలాంటి తడిగాలి దేశాల్లో ఉన్నవాళ్లు కాయ దగ్గర ఫ్యాను వేస్తే మంచిది.

లేత సొరకాయలో నూటికి 90 వంతులకు పైగా నీళ్లే. ముదురుకాయలో కూడా నీళ్లు బాగానే ఉంటాయి. ఆ నీళ్లన్నీ చెక్కలోంచి, తొడిమలోంచి మెల్లగా బయటికి పోవాలి. చిన్న కాయకు నెల రెండు నెలలు, పెద్ద కాయకు ఆరు నెలల దాకా పట్టవచ్చు. మధ్యలో పైన బూజు పడుతుంది. తెల్లగా, నల్లగా మచ్చలు వస్తాయి. భయపడకండి. పైన బూజు పట్టినా చెక్క గట్టిగా ఉంటే కాయ బాగున్నట్టే. నొక్కితే మెత్తగా లోపలికి పోయినా, దుర్వాసన వచ్చినా అది కుళ్లినట్టు, పారేయాలి. ఒకరోజు కాయ చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు. ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. అప్పుడు అది బుర్ర అయింది.

బుర్రను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, బీరపీచుతో రుద్దితే పైన బూజు పోతుంది. బీరపీచు కూడా ఇలాగే వస్తుంది, బీరకాయను తీగ మీదే ఎండనిస్తే. కోయడం మాత్రం పెద్దవాళ్ల పని. కోసేటప్పుడు లోపలి దుమ్ము ముక్కులోకి, ఊపిరితిత్తుల్లోకి పోకుండా అందరూ మాస్కు పెట్టుకోవాలి. గింజలు తీసి, ఆరబెట్టి, కాగితం కవరులో వేసి, మీద తేదీ తెలుగులో రాయండి.

"గింజలు కొట్లో కొన్ని డాలర్లకే దొరుకుతాయి, దీనికి ఇంత గొడవ ఎందుకు?" అని మీ నాన్న అనొచ్చు. దొరుకుతాయి. అసలు మీ మొదటి గింజ కూడా కొట్లోదే అయి ఉంటుంది. అమెరికాలోకి ఇండియా నుంచి గింజలు సూట్‌కేసులో వేసుకుని రావడానికి లేదు. మొక్కల జబ్బులు, పురుగులు వాటితోపాటు వస్తాయని, సరైన ధృవపత్రం లేకుండా తేనివ్వరు. ఆ నియమం మంచిదే, పాటించాలి. అందుకే అంటున్నాను, అమ్మమ్మ పెరటి గింజ మనదాకా రాలేదు కాబట్టి, మన పెరటి గింజను మనమే మొదలుపెట్టాలి. కొన్న పొట్లం మీద హైబ్రిడ్ అని ఉంటే ఆ గింజల పిల్లలు తల్లిలాగా రావు. కాబట్టి మొదట్లోనే హైబ్రిడ్ కాని రకం చూసి కొనండి. అక్కణ్ణుంచి ఏటా కొనక్కర్లేదు.

గింజలు తీసేశాక బుర్ర మిగులుతుంది. మన పల్లెల్లో పొలానికి వెళ్లేవాళ్లు సొరబుర్రలో నీళ్లు పట్టుకెళ్లేవారు. ఈత నేర్చుకునే పిల్లల నడుముకు ఎండిన బుర్రలు కట్టేవారు, అవి మునగవు కాబట్టి. వీణకు మెడవైపు కింద కనబడే రెండో బుర్ర పాత పద్ధతిలో ఎండిన సొరబుర్రే. ఇప్పుడు ఫైబర్‌తో చేసినవి కూడా వస్తున్నాయి. తెలంగాణలో 12 మెట్ల కిన్నెర అనే వాద్యం ఉంది. ఎండిన సొరబుర్రల్లోంచే దాని నాదం వస్తుంది. దాన్ని వాయించే నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఎవరో ఒకరు కాయను కూరకు కోయకుండా వదిలితేనే కిన్నెరకు బుర్ర దొరుకుతుంది.

ఇది మన ఒక్కళ్ల కాయ కూడా కాదు. సొర పుట్టింది ఆఫ్రికాలో. అమెరికా ఖండంలో సుమారు 10,000 ఏళ్ల కిందటే మనుషులు దీన్ని వాడారు. ఎండిన బుర్రలు సముద్రంలో తేలుతూ వెళ్లాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. నెలల తరబడి ఉప్పునీళ్లలో తేలినా లోపలి గింజలు మొలుస్తాయని ప్రయోగాల్లో తేలింది. లేతకాయ అయితే కుళ్లిపోయేది. ముదిరి ఎండిన కాయే అంత దూరం వెళ్లగలిగింది. మీరున్న దేశంలో వెతకండి. దక్షిణాఫ్రికాలో సొరబుర్రల్లో పాలు పులియబెట్టి అమాసీ చేసేవారు. అమెరికా ఆగ్నేయ ప్రాంతపు ఆదివాసులు పర్పుల్ మార్టిన్ పిట్టలకు గూళ్లుగా బుర్రలు వేలాడదీసేవారు. మీ గ్యారేజీలో వేలాడే కాయను చూసి పక్కింటివాళ్లు అడిగితే, వాళ్లకు చెప్పడానికి ఇన్ని కబుర్లున్నాయి.

అన్నిటికంటే నాకు ముఖ్యమైన కారణం చివరికి దాచాను. ఆదివారం వీడియో కాల్‌లో అమ్మమ్మతోనో తాతయ్యతోనో మీరు ఏం మాట్లాడతారు? "తిన్నావా?" "తిన్నాను." "బాగా చదువుతున్నావా?" "ఆఁ." తర్వాత ఫోను అమ్మకు ఇచ్చేస్తారు. ప్రేమ లేక కాదు. మాట్లాడటానికి ఇద్దరికీ కలిసిన పని ఏదీ లేక. ఇప్పుడు మీ దగ్గర ఒక కాయ ఎండుతోందనుకోండి. "అమ్మమ్మా, కాయ మీద బూజు పట్టింది, పాడైందా?" అని ఫోనులో చూపించండి. అది అబ్బురం కోసం అడిగే ప్రశ్న కాదు, మీకు నిజంగా జవాబు కావాలి. ఆవిడ దగ్గర జవాబు ఉండొచ్చు. లేకపోతే వాళ్లమ్మను తలుచుకుంటారు, పక్కింటావిణ్ణి అడిగి మళ్లీ ఫోను చేస్తారు. ఆరు నెలలు ఎండే కాయ అంటే ఇద్దరికీ ఆరు నెలల కబుర్లు. లేతకాయ అయితే ఒక్క పూటలో తినేస్తాం, దాని గురించి అడగడానికి ఏముంటుంది?

కాయ ఎండకుండా కుళ్లిపోవచ్చు కూడా. అది కూడా అమ్మమ్మకు చెప్పండి. ఎందుకు కుళ్లిందో అడగండి. ఈ ఏడు కోసే వేళ తెలుసుకోండి, వచ్చే ఏడు మళ్లీ దారం కట్టండి.

మీ వంతు

1. మీ ఇంట్లో ఈ కాయను ఏమంటారు? అమ్మవైపు, నాన్నవైపు వేరు వేరు మాటలు ఉన్నాయా? అడిగి రాయండి.

2. మీ ఊళ్లో గడ్డకట్టే చలి ఏ నెలలో మొదలవుతుంది? ఆ లెక్కన ఏ నెల దాకా పడ్డ పిందెను వదలవచ్చు? చలి రాని ఊరైతే, వానలు ఎప్పుడు తగ్గుతాయో చూసి లెక్క వేయండి.

3. "ముదిరిపోయింది" అన్న మాటను మీరు ఎప్పుడు విన్నారు? ఒక వాక్యం రాయండి.

4. నేను చెప్పినదానితో మీరు ఒప్పుకోకపోతే మీ కారణాలు ఐదు వాక్యాల్లో రాసి తరగతిలో చదవండి. సొరకాయలు మాత్రం కోయకండి.